చుక్క చుక్కలా రావాలంటే: ఫోకసర్‌తో నా తిప్పలు

టెలిస్కోపుకి కెమెరా తగిలించిన మొదటి రాత్రి నాకు ఒక్క నక్షత్రం కూడా చుక్కలా రాలేదు. ఆకాశం శుభ్రంగా ఉంది, ధ్రువ నక్షత్రం చూసుకుని టెలిస్కోపుని మోసే మౌంట్ సరిచేసుకున్నాను, ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే లెన్సులో) చూస్తే కృత్తికలు వజ్రాలు చల్లినట్టు మెరుస్తున్నాయి. ఐపీస్ తీసి అదే చోట కెమెరా పెట్టగానే తెర మీద బూడిదరంగు గుండ్రాలు, ఒక్కో గుండ్రం మధ్యలో నల్లటి చిల్లు. ఫోకసర్ అంటే ఐపీస్‌నో కెమెరానో పట్టుకున్న చిన్న గొట్టాన్ని లోపలికీ బయటికీ జరిపే భాగం. దాని నాబ్ తిప్పుతుంటే గుండ్రాలు చిన్నవవుతున్నాయి, ఇంకా చిన్నవవుతున్నాయి, ఇక చుక్క అయిపోతుంది అనగా గొట్టం ఠక్కున ఆగిపోయింది. లోపలికి వెళ్లే దారి అక్కడితో సరి.

అద్దాల అమరిక తప్పిందేమో అనుకున్నాను. రెండు రాత్రులు స్క్రూలు తిప్పుతూ కూర్చుని, బాగున్న కాలిమేషన్‌ని చేతులారా చెడగొట్టి, మళ్లీ సరిచేసుకున్నాను. అద్దాల్లో అసలు ఏ లోపమూ లేదు. ఆ తర్వాత ఏడాదిన్నరలో నాకొచ్చిన మసక ఫోటోల్లో చాలావాటికి మూలం ఆ చిన్న ఫోకసర్‌లోనే దొరికింది. దాన్ని పట్టించింది ఎక్కువసార్లు ఒక స్కేలు, ఒక పెన్సిలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏదైనా కొనే ముందు కాస్త కొలుచుకుంటే ఎంత టెన్షన్ తప్పుతుందో నాకు బాగా తెలిసొచ్చింది, అందుకే ఇదంతా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది 130 మి.మీ. అద్దం ఉన్న న్యూటోనియన్. ఫోకల్ లెంగ్త్ (పెద్ద అద్దం నుంచి బొమ్మ దాకా వెలుగు నడిచే దూరం) 650 మి.మీ., దాన్ని అద్దం వెడల్పుతో భాగిస్తే 5, అంటే ఎఫ్/5. అడుగున ఉన్న పెద్ద అద్దం వెలుగుని పైకి పంపుతుంది, పైన ఏటవాలుగా ఉన్న చిన్న అద్దం దాన్ని పక్కకి మళ్లించి ఫోకసర్‌లోకి పంపుతుంది. కంటితో చూడడానికి చేసిన టెలిస్కోపుల్లో బొమ్మ ఫోకసర్ అంచు దాటి కొద్ది దూరంలోనే ఏర్పడేలా పెడతారు. బొమ్మని ఇంకా బయటికి తేవాలంటే చిన్న అద్దాన్ని పెద్దది చేయాలి, అది పెద్దదైతే లోపలికొచ్చే వెలుగుకే అడ్డం. ఐపీస్‌కి ఆ కొద్ది దూరం చాలు, కెమెరాకి చాలదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ ఎక్కడో లోపల ఉంటుంది: కెమెరాకి లెన్స్ బిగించే అంచునీ మౌంట్ అనే అంటారు, కెనాన్ ఈఎఫ్ మౌంట్ నుంచి 44 మి.మీ., నికాన్ ఎఫ్ మౌంట్ నుంచి 46.5 మి.మీ. కెమెరాని టెలిస్కోపుకి బిగించే టీ-రింగ్ మందం కూడా కలుపుకుంటే దేనికైనా 55 మి.మీ. వచ్చేలా తయారుచేస్తారు. అంటే బొమ్మ ఫోకసర్ అంచు నుంచి కనీసం 55 మి.మీ. బయట ఏర్పడితేనే అది సెన్సర్ మీద పడుతుంది.

మరి నా దాంట్లో ఎంత దూరంలో ఏర్పడుతోంది? ఇది తెలుసుకోవడానికి ఏ సామానూ అక్కర్లేదు, చంద్రుడు చాలు. కెమెరా, ఐపీస్ రెండూ తీసేసి, గొట్టాన్ని పూర్తిగా లోపలికి తిప్పేసి, ఫోకసర్ నోటి ముందు ఒక ట్రేసింగ్ పేపర్ ముక్క పట్టుకున్నాను. మొదట పేపర్ మీద అరచేతి మధ్యంత మసక వెలుగు పడింది. పేపర్‌ని మెల్లగా ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒకచోట ఆ వెలుగు ముడుచుకుని, 6 మి.మీ. వెడల్పున, చొక్కా గుండీలో సగమంత చందమామ నిలబడ్డాడు, నల్లటి మచ్చలతో సహా. చాలాసేపు కొలవడం మర్చిపోయి దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఫోకసర్ అంచు నుంచి పేపర్ దాకా స్కేలు పెడితే 33 మి.మీ. వచ్చింది. (పగలు సూర్యుడితో మాత్రం ఈ పని చేయకండి, పేపర్ కాలుతుంది, కంటికీ కెమెరాకీ అంతకంటే పెద్ద ప్రమాదం.)

నాకు కావలసింది 55, ఆ పైన టీ-రింగ్‌ని ఐపీస్ చోట కూర్చోబెట్టే కెమెరా అడాప్టర్ అంచుకి ఇంకో 4, మొత్తం 59. ఉన్నది 33. తక్కువైంది 26 మి.మీ. ఎంత తక్కువో ఒక అంకె చేతికి వచ్చాక మనసు చాలా తేలికపడింది.

దీనికి దారులు చాలానే ఉన్నాయి. బార్లో లెన్స్ (బొమ్మని పెద్దది చేసే లెన్స్) పెడితే బొమ్మ బయటికి జరుగుతుంది, నేను మొదట అదే చేశాను, చంద్రుడి ఫోటోలు బాగానే వచ్చాయి కూడా. కానీ 2 రెట్ల బార్లోతో ఎఫ్/5 కాస్తా ఎఫ్/10 అవుతుంది, అదే వెలుగు నాలుగింతల చోటుకి పరుచుకుంటుంది, నెబ్యులాలకి (ఆకాశంలోని మసక మేఘాలకి) నాలుగు రెట్లు ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, పైగా కృత్తికలు ఫ్రేములో పట్టవు. పెద్ద అద్దాన్ని పొడవైన స్క్రూలతో పైకి జరపొచ్చు. ఎత్తు తక్కువ ఉన్న ఫోకసర్ బిగించొచ్చు. అస్ట్రోఫోటోగ్రఫీ కోసమే చేసిన కెమెరాల్లో సెన్సర్ 6.5, 12.5 లేదా 17.5 మి.మీ. లోపలే ఉంటుంది కాబట్టి వాటికి ఈ సమస్య దాదాపు రాదు. కానీ ఇవన్నీ చేసే ముందు ఫోకసర్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని, ఏ ముక్క మరతో ఊడుతుందో చూడండి. నా ఫోకసర్ చివర ఐపీస్ కూర్చునే ముక్క 24 మి.మీ. ఎత్తుంది. అది గొట్టంలో భాగమే అనుకున్నాను ఇన్నాళ్లూ. గట్టిగా పట్టుకుని ఎడమవైపు తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది, దాని కింద ఎం42 మర ఉంది, టీ-రింగ్‌కి ఉండేది సరిగ్గా అదే! టీ-రింగ్ నేరుగా దానికే బిగించేశాను. ఇప్పుడు అడాప్టర్ అవసరమే లేదు, బొమ్మ 57 మి.మీ. దూరంలో, కెమెరాకి కావలసింది 55.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది, ఇది చాలామందికి జరుగుతుందని నా నమ్మకం. టీ-రింగ్‌తోపాటు వచ్చిన 3 మి.మీ. రింగ్ ఒకటి, ఫిల్టర్ బిగించుకోవడానికి ఉండేది, మధ్యలో అలాగే ఉంచేశాను. రాత్రిదాకా ఆగలేక మధ్యాహ్నం 200 మీటర్ల దూరంలో ఉన్న టవర్ వైపు తిప్పితే బ్రహ్మాండంగా ఫోకస్ అయింది, టవర్ బోల్టులు కూడా లెక్కపెట్టొచ్చు. రాత్రి నక్షత్రాలకి తిప్పితే మళ్లీ గుండ్రాలు, ఈసారి చాలా చిన్నవే, కానీ గుండ్రాలే. దగ్గరి వస్తువు బొమ్మ, నక్షత్రం బొమ్మ కంటే బయట ఏర్పడుతుంది. ఎంత బయట అంటే, ఫోకల్ లెంగ్త్‌ని దానితోనే గుణించి వస్తువు దూరంతో భాగిస్తే దాదాపుగా వస్తుంది: 0.65 × 0.65 ÷ 200, అంటే 2.1 మి.మీ. నా రింగ్ వల్ల నక్షత్రాలకి 1 మి.మీ. తక్కువైంది, టవర్‌కి మాత్రం 1 మి.మీ. మిగిలింది. పగలు అంత దూరంలో ఉన్న చెట్టుకో టవర్‌కో ఫోకస్ అయినప్పుడు గొట్టం ఇంకా లోపలికి ఎంత వెళ్తుందో చూడండి, నా ఫోకల్ లెంగ్త్‌కి కనీసం 3 మి.మీ. మిగలకపోతే రాత్రికి భరోసా లేదు. రింగ్ తీసేశాక మొదటిసారి నాకు నక్షత్రం చుక్కలా కనబడింది.

(గొట్టం అంత లోపలికి వెళ్తే దాని కింది అంచు టెలిస్కోపు లోపల వెలుగు దారిలోకి పొడుచుకొస్తుంది. ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ ఉండే కాంతిలో ఒకవైపు ముక్క కొరికినట్టు కనబడితే కారణం అదే. కొందరు గొట్టాన్ని కోసేస్తారు. నేను కోయలేదు, తర్వాత పెద్ద అద్దాన్ని 10 మి.మీ. పైకి జరుపుకున్నాను, గొట్టం అంతే బయటికి వచ్చింది.)

ఫోకస్ దొరికింది, ఇక ఫోటోలే అనుకుంటే గొట్టం ఊగడం మొదలైంది. నా ఫోకసర్ ర్యాక్ అండ్ పినియన్ రకం: గొట్టం మీద పళ్ల పట్టీ, నాబ్ ఇరుసు మీద పళ్ల చక్రం. ఐపీస్ బరువుకి ఏమీ అనలేదు, కెమెరా బరువుకి గొట్టం ఒకవైపు వాలిపోయింది. వేలితో కదిపితే టక్ టక్ మని ఆడుతోంది. నాబ్ అటు తిప్పి ఇటు తిప్పితే మధ్యలో కొంతసేపు ఏమీ కదలదు, దాన్నే బ్యాక్‌లాష్ అంటారు. ఒక ఆదివారం మొత్తం విప్పాను. విప్పే ముందు టెలిస్కోపుని అడ్డంగా పడుకోబెట్టండి, నిలువుగా ఉంటే జారిన స్క్రూ నేరుగా పెద్ద అద్దం మీద పడుతుంది. లోపల జిగురులా గట్టిపడిన గ్రీజు ఉంది, చలికి ఇంకా బిగుసుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, పళ్లకి మాత్రమే పలచగా లిథియం గ్రీజు రాశాను. గొట్టానికీ బయటి కవచానికీ మధ్య ఖాళీలో పలుచటి టెఫ్లాన్ టేపు ముక్కలు మూడు, సమాన దూరాల్లో అంటించాను. ఒక వరస చాలలేదు, రెండో వరసతో గొట్టం నున్నగా, ఆడకుండా జరిగింది. చివరగా పళ్ల చక్రాన్ని పట్టి ఉంచే పలక స్క్రూలు, ఒక్కోటి పావు చుట్టు చొప్పున, ఒకదాని తర్వాత ఒకటి. ఒకటే బిగిస్తే ఇరుసు వంకరగా కూర్చుని గొట్టం ఒకచోట తేలిగ్గా, ఇంకోచోట బరువుగా తిరుగుతుంది. ఇంత చేసినా బ్యాక్‌లాష్ పూర్తిగా పోదు, అందుకే ఫోకస్‌లో ఆఖరి కదలిక ఎప్పుడూ ఒకే దిక్కున, కెమెరా బరువుని పైకి ఎత్తే వైపు ఉండేలా చూసుకుంటాను. దాటిపోతే మళ్లీ బాగా వెనక్కి వెళ్లి అదే దిక్కున వస్తాను.

ఇప్పుడు అసలైన కష్టం, అంటే ఆ చుక్కని కచ్చితంగా పట్టుకోవడం. ఫోకస్ బాగుందని చెప్పగలిగే పరిధి ఎంత వెడల్పు ఉంటుందో లెక్కగట్టే సూత్రం ఒకటుంది: 4.88ని కాంతి తరంగదైర్ఘ్యంతో, ఎఫ్ నంబర్ వర్గంతో గుణించాలి. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేసుకుంటే ఎఫ్/5కి 67 మైక్రాన్లు వస్తుంది, దాదాపు ఒక తలవెంట్రుక మందం. ఎఫ్/10కి 268, ఎఫ్/4కి 43. నా నాబ్ ఒక చుట్టు తిప్పితే గొట్టం 20 మి.మీ. కదులుతుంది, అంటే ఒక డిగ్రీకి 56 మైక్రాన్లు. నాబ్‌ని ఒకే ఒక్క డిగ్రీ అటూ ఇటూ తిప్పితే ఫోకస్ వచ్చి వెళ్లిపోతుందన్నమాట! ఈ లెక్క వేసుకున్నాక నా వేళ్ల మీద నాకు కోపం పోయింది. అంత చిన్న నాబ్‌ని వేళ్లతో ఒక డిగ్రీ తిప్పడం ఎవరి వల్లా కాదు.

దీనికి నేను వాడింది బట్టలు ఆరేసే క్లిప్పు. దాన్ని నాబ్‌కి పట్టించి, క్లిప్పు కొసని వేలితో నెడతాను. నాబ్ మధ్య నుంచి క్లిప్పు కొస 7 సెం.మీ. దూరంలో ఉంటుంది కాబట్టి ఒక డిగ్రీకి కొస 1.2 మి.మీ. కదులుతుంది, ఆ మాత్రం కదలిక వేలికి తెలుస్తుంది. నాబ్‌ని పట్టుకుని తిప్పినప్పుడు వచ్చే వణుకు కూడా బాగా తగ్గింది. గొట్టాన్ని పదో వంతు మాత్రమే కదిపే 10:1 ఫైన్ ఫోకస్ నాబ్ ఉన్నవాళ్లకి దీంతో పనిలేదు.

ఫోకస్ వచ్చిందో లేదో కంటి అంచనాకి వదలకండి. మొదట్లో నేను కెమెరా తెర మీది లైవ్ వ్యూని 10 రెట్లు పెద్దది చేసి నక్షత్రం ఎక్కడ అతి చిన్నగా ఉందో చూసేవాణ్ణి, గాలి నిలకడగా లేని రాత్రి అది ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, ఏది చిన్నదో తేలదు. ఇప్పుడు బాహ్టినోవ్ మాస్కు తప్ప ఇంకేదీ నమ్మను. రష్యాకి చెందిన పావెల్ బాహ్టినోవ్ 2005లో దీన్ని రూపొందించాడు. మూడు దిక్కులుగా సన్నటి చీలికలు కోసిన రేకు, అంతే. టెలిస్కోపు నోటికి తొడిగి ప్రకాశవంతమైన నక్షత్రం వైపు తిప్పితే మూడు వెలుగు గీతలు కనబడతాయి: రెండు ఇంటూ గుర్తులా అడ్డంగా దాటుకుంటాయి, మూడోది వాటి మధ్య నుంచి వెళ్తుంది. క్లిప్పు కొస నెడుతుంటే మధ్య గీత ఒకపక్క నుంచి ఇంకోపక్కకి జరుగుతుంది, అది సరిగ్గా నడిమధ్యలో ఉన్నప్పుడు ఫోకస్. కృత్తికలు తీసే రోజు నేను పక్కనే ఉన్న రోహిణి మీద చేస్తాను, 3 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో గీతలు స్పష్టంగా వస్తాయి. ఫోటోలు మొదలుపెట్టే ముందు మాస్కు తీసేయండి.

గొట్టం కదలకుండా పట్టి ఉంచే లాక్ స్క్రూ గురించి ఒక్క మాట. ఫోకస్ అయ్యాక లాక్ బిగిస్తే ఆ బిగింపుకే గొట్టం కొద్దిగా జరుగుతుంది. మాస్కు ఉండగానే లాక్ బిగించి మళ్లీ ఒక ఫోటో తీసి చూడండి, మధ్య గీత జరిగితే లాక్ సగం బిగించి ఉంచి, ఆ బిగువులోనే నాబ్ తిప్పి ఫోకస్ చేసుకుని, అప్పుడు మిగతా సగం బిగించండి.

ఇన్ని చేసినా ఒక రాత్రి మొదటి గంట ఫోటోలు సూదిమొనల్లా ఉండి, అర్ధరాత్రి తర్వాతివి మెత్తబడ్డాయి. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, లాక్ గట్టిగానే ఉంది. ఆ రాత్రి వేడి 8 డిగ్రీలు తగ్గింది. నా టెలిస్కోపు పెద్ద గొట్టం ఉక్కుది, పెద్ద అద్దం నుంచి చిన్న అద్దం దాకా సుమారు 450 మి.మీ. ఉక్కు డిగ్రీకి మీటరుకి 12 మైక్రాన్లు కుంచించుకుపోతుంది, 8 డిగ్రీలకి నా గొట్టంలో 43 మైక్రాన్లు. 67 మైక్రాన్ల పరిధిలో సరిగ్గా మధ్యలో మొదలుపెట్టినా ఒక్కో వైపు ఉండేది 33 మాత్రమే, అది దాటిపోయింది. అల్యూమినియం గొట్టమైతే దాదాపు రెట్టింపు జరుగుతుంది. అప్పటినుంచి టెలిస్కోపుని చీకటి పడకముందే బయట పెట్టేస్తాను, మొదటి రెండు గంటలు ప్రతి 40 నిమిషాలకీ, ఆ తర్వాత గంటకోసారీ మాస్కు పెట్టి చూసుకుంటాను. మోటారు ఫోకసర్ ఉన్నవాళ్లకి ఈ పని సాఫ్ట్‌వేరే చేస్తుంది, నక్షత్రాల వెడల్పు కొలుస్తూ అటూ ఇటూ కదిపి వీ ఆకారపు గీత గీసుకుని దాని అడుగుకి వెళ్లి ఆగుతుంది. కానీ గొట్టం ఆడుతున్న ఫోకసర్‌కి మోటారు తగిలిస్తే ఆ గీతే సరిగ్గా రాదు, ముందు మెకానిజం బాగుచేసుకోవాలి.

తర్వాత చేతికి వచ్చిన 80 మి.మీ. రిఫ్రాక్టర్‌కి (అద్దాలకి బదులు లెన్సులతో పనిచేసే టెలిస్కోపుకి) క్రేఫోర్డ్ ఫోకసర్ ఉంది. ఇంగ్లండ్‌లోని క్రేఫోర్డ్‌కి చెందిన ఖగోళ సంఘంలో సభ్యుడైన జాన్ వాల్ అనే ఔత్సాహికుడు కనిపెట్టాడు దీన్ని, పేటెంట్ తీసుకోకుండా అందరికీ వదిలేశాడు, అందుకే ఇవాళ ఇన్ని టెలిస్కోపుల మీద కనబడుతుంది. దీంట్లో పళ్లే ఉండవు. గొట్టం ఒకవైపు చదునుగా ఉంటుంది, ఆ చదును మీద నున్నటి ఉక్కు ఇరుసు నొక్కుతూ తిరుగుతుంది, ఎదురుగా నాలుగు బేరింగులు పట్టుకుంటాయి. పళ్లు లేవు కాబట్టి బ్యాక్‌లాష్ లేదు, చేతికి వెన్నలా ఉంటుంది. ఆ పట్టంతా ఒరిపిడి మీదే నిలబడుతుంది.

నేను చేసిన తప్పు ఏమిటంటే, మొదటి ఫోకసర్‌కి గ్రీజు మేలు చేసింది కదా అని దీనికీ రాశాను. నెత్తి మీద ఉన్న నెబ్యులా వైపు తిప్పిన రాత్రి ఫోకస్ పదే పదే పోతుంటే, గొట్టం మీద కవచం అంచు దగ్గర పెన్సిలుతో సన్నటి గీత గీశాను. అరగంట తర్వాత టార్చ్ వేసి చూస్తే గీత అంచు నుంచి అర మిల్లీమీటరు బయటికి వచ్చేసింది. కెమెరా, ఫ్లాటెనర్ (ఫోటో అంచుల్లోనూ ఫోకస్ సరిగ్గా ఉండేలా చేసే లెన్స్) కలిపి కిలో పైన ఉన్న బరువు నిదానంగా కిందికి జారుతోంది. మర్నాడు గొట్టం చదునునీ ఇరుసునీ ఆల్కహాల్‌తో, గుడ్డకి మరక అంటనంతవరకు తుడిచాను. ఇరుసు కింద రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి ఇరుసు గొట్టాన్ని ఎంత గట్టిగా నొక్కాలో సరిచేసే టెన్షన్‌ది, ఒకటి లాక్‌ది, చాలామంది లాక్ బిగించి టెన్షన్ బిగించామనుకుంటారు. లాక్ పూర్తిగా వదిలేసి, కెమెరా తగిలించి, గొట్టం నిలువుగా ఉండగా, నాబ్‌తో కెమెరా బరువుని పైకి ఎత్తగలిగేంతవరకు టెన్షన్ స్క్రూ కొద్దికొద్దిగా బిగించాను. మరీ బిగిస్తే ఇరుసు గొట్టం మీద గాడి పెడుతుంది. ఆ రాత్రి పెన్సిలు గీత రెండు గంటలైనా కదల్లేదు.

మిగిలింది ఒక మూల. ఫోటో మధ్యలో చుక్కలు గుండ్రంగా, కింద ఎడమ మూలలో మాత్రం కోలగా వస్తున్నాయి. నాలుగు మూలలూ ఒకేలా సాగితే న్యూటోనియన్‌లో అది కోమా, అంటే అద్దం ఆకారం వల్లే అంచుల్లో చుక్కలు సాగడం, దానికి కరెక్టర్ లెన్స్ కావాలి, ఒక్క మూలే సాగితే ఏదో ఒకటి వంగి కూర్చున్నట్టు. ఏది వంగిందో తెలియడానికి కెమెరాని ఫోకసర్‌లో 90 డిగ్రీలు తిప్పి అదే ఫోటో మళ్లీ తీశాను. చెడ్డ మూల ఫోటోలో వేరే చోటికి మారితే తప్పు ఫోకసర్‌లోనో టెలిస్కోపులోనో ఉంది, అదే మూలలో ఉంటే కెమెరాతోపాటు తిరిగిన భాగాల్లో ఉంది. నా ఫోటోలో కింద ఎడమ మూలలోనే ఉంది. కెమెరా విప్పి టీ-రింగ్‌ని వెలుగులో చూస్తే, లోపలి రింగుని పట్టి ఉంచే మూడు చిన్న స్క్రూల్లో ఒకటి సగం బయటికి వచ్చి ఉంది, రింగు ఆ వైపు వేలితో నొక్కితే కదులుతోంది. అలెన్ కీతో మూడూ సమంగా బిగించాను. ఆ రాత్రి రోహిణి మీద ఫోకస్ చేసుకుని కృత్తికలకి తిప్పి 2 నిమిషాల ఎక్స్‌పోజర్ ఒకటి తీశాను, నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూశాను, ఆ ఎడమ మూల చివరి చుక్క కూడా గుండ్రంగానే ఉంది.